రాసి ఉన్నదే చెప్పండి: ఆదివారం వాక్యం ఎలా సిద్ధం చేసుకోవాలి

చిత్తూరు చుట్టుపక్కల పల్లె క్రైస్తవ సంఘాల్లో వాక్యం చెప్పడం, అంటే బైబిలు ప్రసంగం చేయడం, మొదలుపెట్టిన కొత్తలో, ఒక ఆదివారం నేను యోహాను సువార్త 21వ అధ్యాయం మీద గంటసేపు మాట్లాడాను. శిష్యులు రాత్రంతా వల వేసినా ఒక్క చేప పడలేదు, తెల్లారాక ఒడ్డున నిలబడ్డ యేసు చెప్పిన వైపు వేస్తే నూట యాభై మూడు పెద్ద చేపలు పడ్డాయి, ఆ భాగం. నా గంటంతా ఆ 153 మీదే గడిచింది. ఒకటి నుంచి పదిహేడు దాకా అంకెలన్నీ కూడితే 153 వస్తుందని, పదిహేడంటే పది ఆజ్ఞలూ పరిశుద్ధాత్మ వరాలు ఏడూ అని, ఆ చేపలంటే రక్షణ పొందబోయే జనాంగమంతా అని చెప్పాను. అది నేను కనిపెట్టింది కాదు, 1,600 ఏళ్ల కిందట అగస్టీన్ అనే బిషప్పు చెప్పిన లెక్క, ఎక్కడో చదివి పట్టుకొచ్చాను. జనం తలలూపారు, బయటికి వస్తుంటే ఇద్దరు ముగ్గురు "మంచి లోతైన వర్తమానం బ్రదర్" అన్నారు కూడా.

అందరూ వెళ్లిపోయాక ఒక అవ్వ మిగిలింది. రోజూ తెల్లారుజామున ఇంటి ముందర పొయ్యి పెట్టి దోసెలు పోసి అమ్మే మనిషి. "అబ్బోడా, ఇంతసేపు చేపలు లెక్కబెట్టినావు. రాత్రంతా నీళ్లలో నాని, ఏం దొరక్క వచ్చినోళ్లకు ఆ సామి నిప్పులు చేసి, రొట్టె, చేప కాల్చి పెట్టి, రండి తినండి అన్నాడే, దాన్ని ఒక్క మాట చెప్పలేదే నువ్వు?" అని అడిగింది. నేను ఇంటికి పోయి మళ్లీ చదివాను. తొమ్మిదో వచనంలో నిప్పులు ఉన్నాయి, వాటి మీద చేపలు ఉన్నాయి, రొట్టె ఉంది, పన్నెండో వచనంలో "రండి భోజనము చేయుడి" అనే పిలుపు ఉంది. చదువు రాని అవ్వ ఎవరో చదివితే విన్నది, విన్నది విన్నట్టు పట్టుకుంది. నేను చదివి కూడా చూడలేదు.

ఇప్పుడు వాక్యం చెప్పడం మొదలుపెట్టే కుర్రవాళ్లకు, పాస్టరుగారు ఊళ్లో లేని ఆదివారం ఉన్నట్టుండి నిలబడాల్సి వచ్చే సంఘపెద్దలకు, గృహకూటాల్లో, స్త్రీల కూడికల్లో మాట్లాడే అక్కలకు నేను వారం పొడుగునా చేసే పని ఉన్నదున్నట్టు చెబుతాను. గొప్ప చదువు అక్కర్లేదు, ఒక బైబిలు, ఒక నోట్‌బుక్కు, సోమవారం నుంచి రోజుకు అరగంట చాలు.

ఒక్క వచనం పట్టుకోవద్దు, భాగం తీసుకోండి

సోమవారమే భాగం ఖాయం చేసుకోండి. చాలామంది ముందు ఒక అంశం అనుకుని, దానికి తగ్గ వచనాలు పది చోట్ల నుంచి ఏరుకొస్తారు. అలా చేస్తే మన మాటకు బైబిలును సాక్ష్యం పిలిచినట్టు అవుతుంది, బైబిలు మాటకు మనం సాక్ష్యం చెప్పినట్టు కాదు. పౌలు ఉత్తరం రాసినప్పుడు దానికి అధ్యాయాలు లేవు, అంకెలు లేవు. కొత్త నిబంధనకు ఇప్పుడు మనం చూసే వచన సంఖ్యలు 1551లో రాబర్ట్ ఎస్తియేన్ అనే ముద్రాపకుడు వేశాడు. వెతుక్కోవడానికి అవి బాగా పనికొస్తాయి గానీ, వాటివల్ల ప్రతి వచనమూ విడిగా నిలబడే సూక్తిలాగా మనకు అలవాటైపోయింది. ఫోన్లో పొద్దున్నే వచ్చే వాగ్దాన వచనాల బొమ్మలు ఆ అలవాటును ఇంకా ముదిరించాయి.

కథ అయితే మొదలైన చోటు నుంచి ముగిసే దాకా తీసుకోండి, ఉత్తరం అయితే ఒక ఆలోచన తెగే దాకా, కీర్తన అయితే కీర్తన మొత్తం. ఎక్కడ తెగుతుందో తెలియకపోతే కొంచెం ఎక్కువే తీసుకోండి.

గట్టిగా చదవండి, మన పాత తెలుగును మన వాడుకలోకి తెచ్చుకోండి

మంగళవారం ఆ భాగాన్ని పైకి వినబడేలా మూడుసార్లు చదవండి. మొదటిసారి ఊరికే, రెండోసారి పెన్సిలు పట్టుకుని, మూడోసారి ఇంట్లో ఎవరైనా కూర్చుంటే వాళ్లకు వినిపిస్తూ. నెహెమ్యా 8వ అధ్యాయం ఎనిమిదో వచనం చూడండి, లేవీయులు గ్రంథాన్ని స్పష్టంగా చదివి వినిపించి జనులు గ్రహించేటట్లు అర్థం చెప్పారని ఉంది. బోధకుడి పని ఇదేనని నాకు చెప్పింది ఆ ఒక్క వాక్యమే, అందులో చదవడం ముందు, అర్థం చెప్పడం తర్వాత.

మన సంఘాల్లో ఎక్కువమంది చేతుల్లో ఉండేది బైబిల్ సొసైటీ వారి పాత అనువాదం. నాకు ఆ భాషంటే ప్రాణం, దాని నడకే వేరు. కానీ అందులోని మాటలు కొన్నింటికి ఈనాటి పిల్లలకు వేరే అర్థం తోస్తుంది, అది గమనించకుండా చెప్పుకుంటూ పోతే వాళ్లు ఒకటి విని ఇంకొకటి అనుకుంటారు. ఒకసారి ఆదివారపు బడిలో "శాంతి నీకు కలుగును గాక" అనే అర్థంలో "మీకు సమాధానము" అని ఉన్న చోట ఒక పాప "ఏ ప్రశ్నకు సమాధానం?" అని అడిగింది. బడిలో దానికి సమాధానం అంటే జవాబే మరి. మా వైపు ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్లు సంఘంలో సగం మంది ఉంటారు, వాళ్లకు ఈ చిక్కు లేదు, తమిళంలో సమాధానం అంటే ఈనాటికీ శాంతే. అందుకే నేను ఏదైనా మాట దగ్గర ఆగితే పక్కింటి అన్న తమిళ బైబిలు అడిగి చదివించుకుంటాను, సరిహద్దులో ఉన్నందుకు మనకు దక్కిన మేలు అది.

"నిరీక్షణ" అంటే పాత అనువాదంలో ఆశ, నమ్మకంతో కూడిన ఎదురుచూపు, పేపర్లో చదివేవాళ్లకు వట్టి ఎదురుచూడడం. "గైకొను" అంటే పాటించడం. మత్తయి 5:15లో దీపం వెలిగించి "కుంచము" కింద పెట్టరని ఉంది, ధాన్యం కొలిచే కుంచం మా తాతల ఇళ్లలో ఉండేది గానీ ఇప్పటి పిల్లలు దాన్ని చూడలేదు, బొమ్మలు వేసే బ్రష్షు అనుకున్నవాళ్లు నాకు తెలుసు. ఇలాంటి మాటలు నోట్‌బుక్కులో ఒక పక్క రాసుకుని, వాడుక భాషలో వచ్చిన అనువాదం ఒకటి పక్కన పెట్టుకుని సరిచూసుకోండి. సగం గూఢార్థాలు పుట్టేది ఇక్కడే. మాట అర్థం కాకపోతే దాని వెనక ఏదో మర్మం ఉందనిపిస్తుంది, అర్థమైతే ఆ మర్మం మాయమై అసలు మాట మిగులుతుంది.

ఎవరు, ఎవరితో, ఎప్పుడు

బుధవారం చేయాల్సిన పని ఇదే, మిగతా వాటికంటే దీని మీద ఎక్కువ సేపు కూర్చోండి. మాటను ముందు దాని ఇంట్లో చూడాలి, తర్వాతే మన ఇంటికి తెచ్చుకోవాలి.

యిర్మీయా 29:11 తీసుకుందాం. "నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును" అని మొదలయ్యే వచనం, కొత్త సంవత్సరం క్యాలెండర్ల మీద, పెళ్లి పత్రికల మీద, ఆటోల వెనక చూస్తూనే ఉంటాం. మా వైపు నుంచి చాలామంది ఆడవాళ్లు ఇళ్లలో పనికి కువైట్‌కు పోతారు కదా, వీసా కోసం ప్రార్థన పెట్టిన ప్రతి ఇంట్లోనూ ఈ వచనం చదివి, "ఈ నెలలోనే నీ పని అయిపోతుంది" అని గట్టిగా చెప్పి వచ్చే బోధకులను నేను చూశాను. ఇప్పుడు ఆ అధ్యాయం మొదటి నుంచి చదవండి. అది యెరూషలేము నుంచి బబులోనుకు, అక్కడికి చెరపట్టుకుపోయిన వాళ్లకు పంపిన ఉత్తరం. పదకొండో వచనానికి ముందు పదో వచనం ఉంది, అందులో డెబ్బై ఏళ్లు అని ఉంది. ఐదో వచనం నుంచి చదివితే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పెళ్లిళ్లు చేసుకోండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం కోసమే ప్రార్థన చేయండి, దాని క్షేమమే మీ క్షేమం అని ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది మళ్లీ సొంత ఊరు చూడకుండానే కన్నుమూసి ఉంటారు, డెబ్బై ఏళ్లంటే అంతే మరి.

ఇంకొక్క అధ్యాయం వెనక్కి వెళ్లండి, 28వ అధ్యాయం. అక్కడ హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందర నిలబడి రెండేళ్లలో అంతా తిరిగి వస్తుందని చెప్పాడు, యిర్మీయా మెడ మీద ఉన్న కాడిని తీసి విరిచాడు. కాడి విరవక ముందే, హనన్యా మాట వినగానే యిర్మీయా ఏమన్నాడో చూడండి, ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక అన్నాడు. అతనికీ అదే జరగాలని ఉంది. అయినా దేవుడు చెప్పింది అది కాదు కాబట్టి తర్వాత వెళ్లి కాదని చెప్పాడు. హనన్యా ఆ మాట చెప్పింది అయిదో నెలలో, చనిపోయింది అదే ఏడు ఏడో నెలలో. రెండేళ్లని చెప్పినవాడు రెండు నెలలు ఉన్నాడు. ఈ అధ్యాయం చదివిన రోజు నాకు చేతులు వణికాయి, ఎందుకంటే జనం ఏడుస్తుంటే చూడలేక, వాళ్లు వినాలనుకున్నది దేవుడి నోట పెట్టడం నేను కూడా చేశాను.

మరి వీసా కోసం కళ్లలో నీళ్లు పెట్టుకున్న అమ్మకు ఆ వచనం చెప్పకూడదా? తప్పకుండా చెప్పండి, మొత్తం చెప్పండి. తన ప్రజలు శిక్షలో ఉన్నప్పుడు కూడా దేవుడు వాళ్లను మరిచిపోలేదని, ఆలస్యం ఉన్న చోట కూడా ఆయన ఉద్దేశం మేలే అని, ఈలోపు ఉన్న ఊళ్లో బతుకు ఆపకుండా బతకమన్నాడని చెప్పండి. వీసా రాకపోయినా ఆ అమ్మకు ఈ మాట నిలబడుతుంది, రెండోసారి వాళ్లింటికి మీరు మొహం ఎత్తుకుని వెళ్లగలరు.

నోట్‌బుక్కులో నాలుగు ప్రశ్నలు రాసి ప్రతి వారం నింపండి. ఇది ఎవరు చెప్పారు, ఎవరితో, దీనికి ముందూ వెనకా ఏముంది, వాళ్లు ఇది విని ఏం చేయాలని చెప్పారు. ఫిలిప్పీ 4:13 "సమస్తమును చేయగలను" అనే మాటకు ముందున్న రెండు వచనాలు చదివితే ఆకలిగా ఉన్నా కడుపు నిండినా తృప్తిగా ఉండడం నేర్చుకున్నానని పౌలు అంటున్నాడని తెలుస్తుంది, అది పరీక్షలో ర్యాంకు గురించి కాదు.

రాసిన తీరు చూడండి

సూటి అర్థం అంటే ప్రతి మాటనూ మొండిగా పట్టుకోవడం అనుకోవద్దు. యెషయా 55లో పొలంలోని చెట్లన్నీ చప్పట్లు కొడతాయని ఉంది, అది పాట. "నేనే ద్వారమును" అన్నప్పుడు యేసు తలుపు చెక్క గురించి మాట్లాడలేదని అందరికీ తెలుసు. పాటను పాటగా, ఉపమానాన్ని ఉపమానంగా, ఉత్తరాన్ని ఉత్తరంగా చదవడమే సూటిగా చదవడం. గ్రంథమే తన గుర్తుకు అర్థం చెప్పిన చోట దాన్ని తీసుకోండి, ప్రకటన 1:20లో ఏడు దీపస్తంభాలు ఏడు సంఘాలని రాసే ఉంది, విత్తువాడి ఉపమానానికి మత్తయి 13లో యేసే అర్థం చెప్పాడు.

దారిలో దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ని ఆదుకుని పూటకూళ్ల ఇంటికి చేర్చిన మంచి సమరయుని కథ మీద మాత్రం ఒక మాట. అగస్టీన్ దాన్ని ఎంత దూరం తీసుకెళ్లాడంటే, దొంగల చేతిలో దెబ్బలు తిన్నవాడు ఆదాము, పూటకూళ్ల ఇల్లు సంఘం, ఇంటివాడు అపొస్తలుడైన పౌలు. ఆయన మీద నాకు గౌరవం ఉంది, విశ్వాసం గురించి ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఎంతో ఉంది. కానీ లూకా 10లో ఆ కథ ఎందుకు వచ్చింది? "నా పొరుగువాడెవడు" అని ఒక ధర్మశాస్త్రోపదేశకుడు అడిగాడు. కథ అయ్యాక యేసు ఏమన్నాడు? "నీవును వెళ్లి ఆలాగు చేయుము." ప్రశ్నా అక్కడే ఉంది, జవాబూ అక్కడే ఉంది. పూటకూళ్ల ఇల్లు ఏమిటో వెతుక్కుంటూ కూర్చున్న ఆదివారం, పుత్తూరు రోడ్డు మీద యాక్సిడెంటైన వాణ్ని చూసి బండి ఆపాలా వద్దా అన్న మాట సంఘంలో రాకుండానే కూడిక అయిపోతుంది.

రాయని చోట ఆగండి

ఇది కష్టం, అన్నిటికంటే కష్టం, ఎందుకంటే జనం అడిగేది ఎప్పుడూ రాయని దాని గురించే.

చిన్న వాటితో మొదలుపెట్టండి. క్రిస్మస్ నాటకంలో పట్టు పంచెలు కట్టి ముగ్గురు జ్ఞానుల్ని నడిపిస్తాం. మత్తయి 2లో కానుకలు మూడు అని తెలుస్తుంది గానీ వచ్చినవాళ్లు ఎంతమందో లేదు. మరియ గాడిద మీద వచ్చిందని కూడా లేదు. నాటకం ఆపమని నేను అనడం లేదు, పిల్లలకు ఆ సంతోషం ఉండనివ్వండి, మీరు వాక్యం చెప్పేటప్పుడు మాత్రం "ముగ్గురు" అనకుండా "జ్ఞానులు" అనండి. చిన్న మాట దగ్గర ఆగడం అలవాటైతే పెద్ద మాట దగ్గర నోరు దానంతట అదే ఆగుతుంది.

తిరుపతిలో ఒక సభలో, గొల్యాతును కొట్టడానికి దావీదు ఏరుకున్న అయిదు రాళ్ల మీద వర్తమానం విన్నాను. ఒక రాయి విశ్వాసం, ఒకటి ప్రార్థన, ఇంకోటి ఉపవాసం, అలా అయిదూ అయ్యాయి. విశ్వాసం మంచిదే, ప్రార్థన మంచిదే, అయితే 1 సమూయేలు 17లో ఆ రాళ్లకు పేర్లు లేవు. స్వర్ణముఖి ఇసుకలో దొరికే నున్నటి రాళ్లలాంటివే, వాగులోంచి ఏరుకుని సంచిలో వేసుకున్నాడు, ఒకటి విసిరాడు. గొల్యాతుకు నలుగురు అన్నదమ్ములున్నారు కాబట్టే మిగతా నాలుగు అని కొందరు అంటారు, అదీ అక్కడ రాసి లేదు. రాసి ఉన్నది దావీదు నోటి మాట, యుద్ధము యెహోవాదే అని 47వ వచనంలో. పేర్లు పెట్టిన బోధకుడు ఆ వచనం చదవనే లేదు.

ఇక తేదీలు, ముద్రలు. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడు దానియేలు గ్రంథం లెక్కలు వేసి ప్రభువు వస్తాడన్నాడు, ఆయన వెంట నడిచినవాళ్లు చివరికి 1844 అక్టోబరు 22 అని తేలిస్తే కొందరు రైతులు పంట కూడా కోయకుండా వదిలేశారు. అక్కడే రేడియోలో బోధించే హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అన్నాడు. ఆ తేదీలన్నీ వచ్చాయి, పోయాయి. మత్తయి 24:36లో ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని ఉంది, అపొస్తలుల కార్యములు 1:7లో కాలాలూ సమయాలూ తెలుసుకోవడం మీ పని కాదని యేసు శిష్యుల మొహం మీదే చెప్పాడు. ఇంత సూటిగా ఉన్నదాన్ని దాటి వెళ్లేవాళ్లు "తేదీ తెలియదు గానీ సంవత్సరం తెలియొచ్చు" అంటారు. అది వినగానే మీరు లేచి రావచ్చు.

ప్రకటన 13లోని మృగం సంఖ్య 666 విషయంలోనూ అంతే. బార్‌కోడ్ అన్నారు, ఆధార్ అన్నారు, 2021లో కరోనా టీకా అన్నారు. ఆ మాట నమ్మి టీకా వేయించుకోని ముసలివాళ్లు మా పల్లెల్లో ఉన్నారు, వాళ్ల ఇళ్లకు వెళ్లి ఒప్పించడానికి నాకు నెలలు పట్టింది. ప్రకటన గ్రంథం చెప్పకుండా వదిలేయమని కాదు, చదివేవాడూ వినేవాడూ ధన్యులని మొదట్లోనే ఉంది కదా. అప్పట్లో ఆసియా అని పిలిచిన, ఇప్పటి టర్కీ పడమటి వైపు ఉన్న ఏడు సంఘాలకు, నిజంగా హింస పడుతున్న మనుషులకు రాసిన గ్రంథం అది. ఎఫెసు వాళ్లు మొదటి ప్రేమ వదిలేశారు, లవొదికయ వాళ్లు నులివెచ్చగా ఉన్నారు, వధింపబడిన గొర్రెపిల్ల సింహాసనం మీద ఉన్నాడు. ఇవి చెప్పడానికి ఏ న్యూస్ చానలూ చూడనక్కర్లేదు. నేను ఆ ఏడు ఉత్తరాలు ఏడు వారాలు చెప్పాను, 666 గురించి అడిగినవాళ్లకు "బుద్ధిగలవాడు ఆ సంఖ్యను లెక్కించాలని యోహాను రాశాడు, నాకు అది ఎవరో తెలియదు" అన్నాను. ఆ "తెలియదు" అనే మాట మొదటిసారి అన్నప్పుడు చాలా టెన్షన్ పడ్డాను, బోధకుడికి తెలియదా అనుకుంటారని. ఎవరూ అలా అనుకోలేదు, ఆ తర్వాత నుంచి వాళ్ల ఇంటి సంగతులు నాకు ఎక్కువగా చెప్పుకోవడం మొదలుపెట్టారు.

ద్వితీయోపదేశకాండము 29:29 నోట్‌బుక్కు అట్ట లోపల రాసి పెట్టుకోండి. రహస్యాలు దేవునివి, బయలుపరచబడినవి మనవీ మన పిల్లలవీ. ఎందుకు బయలుపరిచాడో కూడా అక్కడే ఉంది, వాటి ప్రకారం నడవడానికి.

మన బతుకులోకి తెచ్చేటప్పుడు

గురువారం, శుక్రవారం అన్వయానికి ఉంచుకోండి. ఇక్కడ జాగ్రత్త ఎందుకో చెబుతాను. మా సంఘంలో ఒక అక్కకు షుగర్ ఉంది. బయట నుంచి వచ్చిన ఒక బోధకుడు యెషయా 53:5, "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది" చదివి, ఈ మాట నమ్మినవాళ్లకు ఇక మాత్రల అవసరం లేదని చెప్పి వెళ్లిపోయాడు. ఆ అక్క నమ్మింది. ఎవరికీ చెప్పకుండా మాత్రలు ఆపేసింది. కాలి వేలికి పుండు పడింది, మాకు తెలిసేసరికి ఆలస్యమైంది, వేలు తీసేశారు. ఆసుపత్రి మంచం మీద ఆమె నన్ను అడిగింది, "నా విశ్వాసం తక్కువైందా అన్నా?" అని. చెప్పినవాడు ఆ మంచం దగ్గర లేడు.

ఆ వచనాన్ని పేతురు తన మొదటి పత్రిక 2:24లో తీసుకున్నాడు, పాపాల విషయంలో చనిపోయి నీతి కోసం బతకడం గురించి చెబుతూ. దాని ముందు వచనాన్ని మత్తయి 8:17లో యేసు రోగుల్ని బాగుచేసిన చోట తీసుకున్నాడు. కాబట్టి దేవుడు బాగుచేస్తాడని ప్రార్థించడం వాక్యంలో ఉంది, నేనూ ప్రార్థిస్తాను. మాత్రలు ఆపమని ఎక్కడుంది? తరచుగా జబ్బుపడే తిమోతికి కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలే రాశాడు, త్రోఫిము జబ్బుగా ఉంటే మిలేతులో విడిచి వచ్చానని కూడా రాశాడు. ఆ అక్కకు ఈ రెండు వచనాలూ చదివి వినిపించాను, చాలాసేపు ఏడ్చి, ఆ తర్వాత మాత్ర అడిగి వేసుకుంది.

కాబట్టి అన్వయం రాసుకున్నాక దాని పక్కన వచనం సంఖ్య వేయండి. సంఖ్య వేయలేకపోతే అది మీ ఆలోచన. మీ ఆలోచన చెప్పకూడదని లేదు, "ఇది నాకు తోచిన మాట, వాక్యంలో ఇలా లేదు" అని చెప్పి చెప్పండి. పౌలు కూడా 1 కొరింథీ 7లో ప్రభువు ఆజ్ఞ ఉన్న చోట ఒకలా, తన అభిప్రాయం చెప్పే చోట ఇంకోలా విడదీసి చెప్పాడు. "దేవుడు నాకు చూపించాడు" అనే మాటను మీ ఊహ ముందర పెట్టకండి, ఆ మాట విన్న తర్వాత పల్లెలో ఎవరూ మిమ్మల్ని ప్రశ్న అడగలేరు.

శనివారం, ఆదివారం

శనివారం అరపేజీ నోట్సు చాలు. భాగం చెబుతున్నది ఒక్క వాక్యంలో పైన రాయండి, ఆ వాక్యం రాయలేకపోతే ఇంకా అర్థం కాలేదని, బుధవారం పనికి తిరిగి వెళ్లాలని. మామిడికాయల సీజన్లో మా వాళ్లు రాత్రంతా తోతాపురి లోడ్లు ఎత్తి వచ్చి కూర్చుంటారు, నలభై నిమిషాలు దాటితే కళ్లు మూతలు పడతాయి, కాబట్టి ఎక్కువ మోయకండి. భాగాన్ని నెమ్మదిగా చదవండి, పేజీలు తిప్పుకునేదాకా ఆగండి, "ఎన్నో వచనంలో ఉందో వేలు పెట్టండి" అని చెప్పండి. వాళ్ల వేలు అక్షరం మీద ఉంటే మీరు దారి తప్పినా వాళ్లు తప్పరు. ఎత్తుకున్న గొంతు, మళ్లీ మళ్లీ ఆమెన్ అనిపించడం వాక్యం లేని చోటును కప్పేస్తాయి, వాటిని తగ్గించండి.

కూడిక అయ్యాక ప్రశ్నలకు పది నిమిషాలు ఉంచండి. బెరయ అనే ఊరివాళ్లు పౌలు చెప్పినదాన్నే ప్రతిరోజూ లేఖనాల్లో వెతికి చూశారు, అలా చూసినందుకు వాళ్లను ఘనులని రాశారు, అపొస్తలుల కార్యములు 17:11లో. మీ సంఘంలో ఎవరైనా అలా అడిగితే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం తెరవండి.

రెండేళ్ల తర్వాత నేను యోహాను 21 మళ్లీ తీసుకున్నాను. ఈసారి నిప్పుల దగ్గర మొదలుపెట్టాను. గ్రీకులో బొగ్గుల నిప్పుకు వాడిన మాట కొత్త నిబంధనలో రెండే చోట్ల ఉంది, ఇక్కడొకటి, ప్రధానయాజకుడి ఇంటి ముంగిట్లో పేతురు చలి కాచుకుంటూ యేసును ఎరగనన్న చోట ఒకటి. యోహాను కావాలనే ఆ మాట వాడాడని నేను గట్టిగా వాదించను. కానీ మూడుసార్లు కాదన్నవాణ్ని కడుపునిండా తిననిచ్చాక యేసు మూడుసార్లు "నన్ను ప్రేమించుచున్నావా" అని అడగడం రాసి ఉంది, గొర్రెల్ని మేపమని మళ్లీ పని అప్పజెప్పడం రాసి ఉంది. ఇవి ఉన్నవి ఉన్నట్టు చెప్పాను, 153 దగ్గర "పెద్ద చేపలు, చాలా పడ్డాయి, లెక్కపెట్టుకున్నారు, అయినా వల పిగలలేదు" అని ఒక్క మాట అని ముందుకు పోయాను. ఇరవై అయిదు నిమిషాల్లో అయిపోయింది. అవ్వ ఆ రోజు ఏమీ అడగలేదు. మర్నాడు తెల్లారుజామున అటుగా పోతుంటే, పొయ్యి దగ్గర కూర్చున్న ఇద్దరు లారీ డ్రైవర్లకు దోసె తిప్పుతూ పేతురు సంగతి మొదటి నుంచి చివరి దాకా చెబుతోంది, ఒక్క మాట కూడా ఎక్కువ తక్కువ లేకుండా.